మన ఆసుపత్రి డాక్టర్లే మన ట్రస్టుకు విరాళం ఇచ్చేలా చేయడం ఎలా?

మీ ఆసుపత్రికి అనుబంధంగా ఒక చారిటబుల్ ట్రస్టు ఉంది. బిల్లు కట్టలేని రోగులను ఆదుకోవడం దాని పని. ఆ ట్రస్టు కార్యదర్శో, కోశాధికారో, మెడికల్ సూపరింటెండెంటో మీరే అనుకుందాం. రోటరీ క్లబ్బును అడిగారు, ఊళ్ళో మిల్లుల యజమానులను అడిగారు, అమెరికాలో ఉన్న బంధువులను అడిగారు. ఇవే వార్డుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా తిరిగే డాక్టర్లను మాత్రం సరిగ్గా అడిగి ఉండరు. మహా అయితే నోటీసు బోర్డు మీద సర్క్యులర్ అంటించి ఉంటారు, లేదా వాట్సాప్ గ్రూపులో బ్యాంకు ఖాతా నంబరు పెట్టి ఉంటారు. ఒకరిద్దరు పంపి ఉంటారు. అంతటితో ఆగిపోయి ఉంటుంది.

దాంతో 'డాక్టర్లు ఇవ్వరండీ' అన్న మాట స్థిరపడిపోతుంది. ఆ మాట నేను ఒప్పుకోను. డాక్టర్లు ఇప్పటికే ఇస్తున్నారు. ఓపీలో ముసలమ్మ దగ్గర ఫీజు తీసుకోకుండా పంపేస్తారు. బిల్లింగ్ కౌంటర్‌కు ఫోన్ చేసి 'నా విజిట్ చార్జీలు తీసేయండి' అంటారు. డ్యూటీ రూములో నలుగురు కలిసి తలా కొంత వేసుకుని ఒక పిల్లాడికి యాంటీబయాటిక్ కొనిస్తారు. ఇదంతా ఏ లెక్కలోకీ రాదు. ఇచ్చే గుణం లేక కాదు, ట్రస్టు చేతికి ఇస్తే అది తాము అనుకున్న మనిషికి చేరుతుందన్న నమ్మకం లేక వాళ్ళు ఆగుతున్నారు. ఆ నమ్మకం కలిగించడమే మీ పనిలో ముప్పాతిక భాగం. అడగడం చివర్లో వస్తుంది.

ముందు లామా రిజిస్టరు తెరవండి

వైద్యుల సలహాకు విరుద్ధంగా సంతకం పెట్టి వెళ్ళిపోయిన రోగులను ఆసుపత్రుల్లో 'లామా' కేసులంటారు. గత ఏడాది లామా రిజిస్టరు, బిల్లింగ్‌లో కన్సెషన్ అడిగిన ఉత్తరాల ఫైలు, రెండూ దగ్గర పెట్టుకుని కూర్చోండి. పక్కన ప్రభుత్వ పథకాల కేసులు చూసే ఆరోగ్యమిత్రను, మెడికల్ సోషల్ వర్కర్‌ను, ఒక సీనియర్ సిస్టర్‌ను కూర్చోబెట్టుకోండి. ప్రతి కేసుకూ ఒకటే ప్రశ్న: ఈ మనిషి డబ్బు లేక వెళ్ళాడా, వేరే కారణమా? రిజిస్టరులో ఆ సంగతి రాసి ఉండదు. సిస్టర్లకు గుర్తుంటుంది.

'ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెంచారు, ఇంకా చారిటీ దేనికి?' అని మీ డాక్టర్లే అడుగుతారు. దానికి జవాబు ఈ ఫైళ్ళలోనే దొరుకుతుంది. కార్డు లేని చిన్న ప్రైవేటు ఉద్యోగి. సరిహద్దు దాటి ఒడిశా నుంచో, ఛత్తీస్‌గఢ్ నుంచో వచ్చిన కుటుంబం. జాబితాలో లేని ప్రొసీజర్. డిశ్చార్జ్ అయ్యాక నెలనెలా కొనాల్సిన మందులు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వచ్చిపోయే బస్సు చార్జీలు, ఆ రోజుల్లో పోయే కూలి. మంచం పక్కన ఉండే అటెండెంట్ తిండి. పథకాలు మోసే బరువు పెద్దదే, వాటి సందుల్లోంచి జారిపోయేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళెవరో మీ ఆసుపత్రి లెక్కల్లోంచే బయటికి తీయండి. 'పేదలకు సాయం' అంటే డాక్టరు వినేసి వెళ్ళిపోతాడు. 'మన ఆర్థో వార్డులోంచి ఇంప్లాంట్ కొనలేక వెళ్ళిపోయినవాళ్ళు వీళ్ళు' అంటే ఆగి వింటాడు, ఎందుకంటే ఆ కేసుల్లో కొన్ని ఆయనవే.

ఈ లెక్కను బట్టి ట్రస్టు లోపల రెండు మూడు నిధులు విడిగా పెట్టండి. ఆర్థో ఇంప్లాంట్ల నిధి, నెలలు నిండని శిశువుల నిధి, డయాలసిస్ ప్రయాణ ఖర్చుల నిధి, ఇలా. పది పన్నెండు పెట్టకండి. చిన్న ట్రస్టు అన్నింటికీ లెక్కలు రాయలేక అలిసిపోతుంది.

ట్రస్టు డబ్బు మళ్ళీ ఆసుపత్రి గల్లాలోకే పోతోందా?

ఇది అసలు ప్రశ్న. డాక్టర్లు పైకి అడగరు, మనసులో మాత్రం అందరికీ ఉంటుంది. ట్రస్టు రోగి తరఫున బిల్లు కడుతుంది. ఆ బిల్లు వేసేది ఆసుపత్రి. గది అద్దె, పరీక్షలు, మందుల మీద మార్జిన్, అన్నీ కలిపిన పూర్తి రేటుకి ట్రస్టు కడుతుంటే, డాక్టరు ఇచ్చిన పదివేలలో కొంత యాజమాన్యం లాభంగా మారుతుంది. దీన్ని సరిచేయకుండా మీరు ఎంత గొప్పగా అడిగినా తెలివైనవాడు ఇవ్వడు. ఇవ్వకపోవడం న్యాయం కూడా.

కాబట్టి ఎవరినీ అడక్కముందే యాజమాన్యంతో కూర్చుని ఒక ఒప్పందం కాగితం మీద పెట్టించండి. అందులో మూడు విషయాలు ఉండాలి. ఒకటి, ట్రస్టు రోగులకు ఆసుపత్రి ఏ రేటు వేస్తుంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ రేటో, మందులూ ఇంప్లాంట్ల కొనుగోలు ధరో, ఏదో ఒకటి స్పష్టంగా రాయాలి. రెండు, ప్రతి కేసులో ముందు ఆసుపత్రి తన వంతు ఎంత తగ్గిస్తుంది. మూడు, ట్రస్టు నిర్వహణ ఖర్చులు ఎవరు భరిస్తారు. గుమాస్తా జీతం, ఆడిట్ ఫీజు ఆసుపత్రే పెట్టుకుంటే 'మీరు ఇచ్చే ప్రతి రూపాయీ రోగికే' అన్న మాట ధైర్యంగా అనగలరు. డాక్టర్ల దగ్గర ఇంతకు మించి పనిచేసే మాట నేను చూడలేదు. కాకపోతే అది అక్షరాలా నిజమై ఉండాలి.

కేసులు ఎంపిక చేసే కమిటీలో ఆసుపత్రి యాజమాన్యానికి సంబంధం లేని మనిషి ఒకరు ఉండాలి. రిటైరైన హెడ్మాస్టరు కావచ్చు, బ్యాంకు మేనేజరు కావచ్చు. విరాళం ఇచ్చే డాక్టర్ల నుంచి ఇద్దరిని ఏడాదికోసారి మార్చుతూ కూర్చోబెట్టండి. తాను చికిత్స చేస్తున్న రోగి కేసు వచ్చినప్పుడు ఆ డాక్టరు అభిప్రాయం చెప్పి బయటికి వెళ్ళాలి, ఓటు వేయకూడదు. నిర్ణయం రెండు రోజుల్లో తేలాలి. ఐసీయూలో ఉన్న రోగి కోసం ట్రస్టు నెలవారీ సమావేశం దాకా ఆగమంటే, ఆ డాక్టరు ఇంకెప్పుడూ ట్రస్టు గడప తొక్కడు. అత్యవసర కేసులకు ఒక పరిమితి దాకా కార్యదర్శి ఒక్కరే మంజూరు చేసే అధికారం ముందే రాసి పెట్టుకోండి.

మీది ప్రభుత్వ ఆసుపత్రి అయితే దారి వేరు. అక్కడ ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ ఉంటుంది, దాని ఖాతా ద్వారానే వెళ్ళాలి. ప్రభుత్వ ఉద్యోగులు అనుమతి లేకుండా చందాలు వసూలు చేయకూడదని ప్రవర్తనా నియమాలు చెబుతాయి. ముందు రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోండి.

ముందు పెద్దవాళ్ళు ఇవ్వాలి

చైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్, ట్రస్టీలు, మెడికల్ సూపరింటెండెంట్, విభాగాధిపతులు: వీళ్ళ విరాళాలు చేతికి వచ్చాకే మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. మీరు కూడా ఇవ్వాలి, మీ స్థాయికి తగ్గట్టు. తాను ఇవ్వకుండా అడిగేవాడి గొంతు అవతలివాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది.

ఇందుకు మన నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ ఉమా గవిని 2022లో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్)లో కడుతున్న తల్లీబిడ్డల విభాగానికి 20 కోట్ల రూపాయలు ప్రకటించారు. డల్లాస్‌లో జరిగిన జింకానా (ఉత్తర అమెరికాలోని ఆ కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం) సమావేశంలో ఆమె ఆ మాట చెప్పాక, ఆ సంఘంలోని మరికొందరు డాక్టర్లు కూడా పెద్ద మొత్తాలతో ముందుకొచ్చారు.  తోటి డాక్టరు, తాము చదివిన కాలేజీలోనే చదివిన మనిషి, ఇచ్చిందన్న సంగతే మిగతావాళ్ళను కదిలించింది. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రిని 1976లో పదకొండు పడకలతో మొదలుపెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి కూడా అంతే. ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక సొంత ఇల్లు తాకట్టు పెట్టి, తోబుట్టువులను కలుపుకుని ఆ పనికి దిగారు. మీ దగ్గర కోట్లు అక్కర్లేదు. మీ ఆసుపత్రిలో అందరూ గౌరవించే ఒక డాక్టరు ముందుగా ఇవ్వాలి, ఇచ్చానని నాలుగు మాటలు చెప్పడానికి ఒప్పుకోవాలి. ఆ ఒక్కరెవరో వెతకండి. ఎక్కువ సంపాదించే డాక్టరే కానక్కర్లేదు. చాలా ఆసుపత్రుల్లో ఆ మనిషి మత్తు డాక్టరో, పిల్లల డాక్టరో అయి ఉంటారు.

ఎవరు అడగాలి, ఏమని అడగాలి

డాక్టరును డాక్టరే అడగాలి, ఎదురెదురుగా కూర్చుని అడగాలి. హెచ్‌ఆర్ నుంచి వచ్చిన మెయిల్‌కు డాక్టరు విలువ ఇవ్వడు. అకౌంట్స్ నుంచి ఫోన్ వస్తే చిరాకు పడతాడు. మీరు డాక్టరు కాకపోతే మీ పాత్ర తెర వెనక: కాగితాలు సిద్ధం చేయడం, ఎవరు ఎవరిని కలవాలో చూడటం, చెప్పిన మాట జరిగిందా అని వెంటపడటం.

విభాగానికి ఒకరిద్దరిని ఎంచుకోండి. ఒక్కొక్కరికి ఐదారుగురి కంటే ఎక్కువ మందిని అప్పగించకండి. ఓపీ మధ్యలోనో, థియేటర్ బయటో అడగొద్దు. మధ్యాహ్నం భోజనాల తర్వాతో, సాయంత్రం రౌండ్స్ అయ్యాకో పది నిమిషాలు దొరుకుతాయి. అడిగే మాట ఇలా ఉండొచ్చు:

'మొన్న మన వార్డులోంచి ఆ తొడ ఎముక విరిగిన పేషెంట్‌ను ఆపరేషన్ వద్దని తీసుకెళ్ళిపోయారు, గుర్తుందా కిరణ్? అలాంటివాళ్ళ కోసం ట్రస్టులో ఆర్థో నిధి అని విడిగా పెట్టాం. ఇంప్లాంట్ ఖర్చుకే వాడతాం, అదీ కొనుగోలు ధరకే. నేను నెలకు ఐదు వేలు వేస్తున్నా. నువ్వూ కలుస్తావేమోనని అడుగుతున్నా. ఇప్పుడే చెప్పక్కర్లేదు. వద్దనుకుంటే మొహమాటపడకు, మళ్ళీ నేను ఈ మాట ఎత్తను.'

'ఎంత వేయమంటారు మేడమ్?'

'అది నీ ఇష్టం. కొత్తగా చేరినవాళ్ళు వెయ్యి వేస్తున్నారు. ఇద్దరు ముగ్గురు సీనియర్లు నెలలో ఒక రోజు ఓపీ ఫీజంతా ఇస్తున్నారు.'

ఇందులో కేసు ఉంది, డబ్బు దేనికి వాడతారో ఉంది, అడిగే మనిషి ఎంత ఇస్తోందో ఉంది, కాదనడానికి చోటు కూడా ఉంది. ఆ చివరిదాన్ని చాలామంది మర్చిపోతారు. కాదనే స్వేచ్ఛ నిజంగా ఉన్నచోటే ఔనన్న మాట నిలబడుతుంది. మొహమాటానికి ఒప్పుకున్నవాళ్ళు మూడో నెలలో మానేస్తారు, పైగా ఎదురుపడినప్పుడల్లా ఇబ్బందిపడతారు.

ఎదురయ్యే మాటలకు సిద్ధంగా ఉండండి. 'నేను ఫీజు వదులుకుంటూనే ఉన్నానుగా' అన్నవారికి వాదం వద్దు. అవును సార్, ఆ సంగతి మాకు తెలుసు, అది కూడా లెక్కలో రాస్తున్నాం అని చెప్పండి, నిజంగానే రాయండి. 'యాజమాన్యం ఎంత ఇస్తోంది?' అంటే అంకె చెప్పగలగాలి. ఆసుపత్రి కంపెనీకి సీఎస్‌ఆర్ (లాభాల్లో కొంత సమాజ సేవకు ఖర్చు చేయాల్సిన) బాధ్యత ఉంటే, డాక్టర్లు ఎంత ఇస్తే అంతకు సమానంగా యాజమాన్యం వేసేలా ఒప్పించడానికి ప్రయత్నించండి. 'ఇంటి లోను, క్లినిక్ పరికరాల లోను నడుస్తున్నాయి' అంటే అక్కడితో ఆపేయండి. చదువు ముగిసేసరికి ముప్పై ఏళ్ళు దాటే వృత్తి ఇది. అప్పు నిజంగానే ఉంటుంది.

వీళ్ళను అడగొద్దు, ఇవి చేయొద్దు

స్టైపెండ్ మీద బతికే హౌస్ సర్జన్లను, పీజీలను అడగకండి. ప్రొబేషన్‌లో ఉన్న డాక్టరును అడగకండి. కాంట్రాక్టు రెన్యువల్, ఇంక్రిమెంట్ చర్చలు నడుస్తున్న నెలలో ఎవరినీ అడగకండి. రెన్యువల్ మీద సంతకం పెట్టే మనిషే విరాళం అడగడం అసలు కూడదు. విభాగాధిపతి తన కింద పనిచేసే జూనియర్‌ను అడిగినా అదే సమస్య. పై మాటల్లో మేడమ్ వేరే యూనిట్ సీనియర్ అయితేనే బాగుంటుంది.

ఎవరెంత ఇచ్చారో జాబితా కట్టి డాక్టర్ల లాంజ్‌లో అంటించడం కొన్నిచోట్ల చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అలాంటి జాబితాలో లేని పేరే ముందు కనిపిస్తుంది. విభాగంలో ఎంతమంది కలిశారన్నది చెప్పొచ్చు, ఎంతెంత అన్నది వద్దు. సంఖ్యే మీకు ముఖ్యం కూడా. ఒకరు ఇచ్చిన ఐదు లక్షల కంటే అరవైమంది నెలనెలా వేసే చిన్న మొత్తాలు ట్రస్టును గట్టిగా నిలబెడతాయి. బయటి దాతల దగ్గరికి వెళ్ళినప్పుడు 'మా డాక్టర్లలో సగానికి పైగా ఇస్తున్నారు' అనగలిగితే తలుపు సగం తెరుచుకున్నట్టే.

ఇంకొకటి ఖచ్చితంగా చెప్పాలి. మందుల కంపెనీ, ఇంప్లాంట్ డీలరు, స్కాన్ సెంటరు 'ఫలానా డాక్టరు గారి తరఫున' అంటూ ట్రస్టుకు డబ్బు పంపితే తీసుకోకండి. వైద్యుల నైతిక నియమావళి, 2002 ప్రకారం రోగులను పంపినందుకు కమిషన్ తీసుకోవడం తప్పు, మందుల కంపెనీల నుంచి కానుకలు తీసుకోవడమూ తప్పు. ట్రస్టు పేరు మీదుగా వచ్చినంత మాత్రాన అది శుభ్రం అయిపోదు. అలాగే డాక్టరు తన రోగులను తానే విరాళం అడగకూడదు. ట్రీట్‌మెంట్‌లో ఉన్న మనిషి కాదనలేడు.

డబ్బు వచ్చే దారి

ఒకేసారి ఇవ్వమని అడగడం కంటే నెలనెలా ఆటోమేటిక్‌గా పడేలా చేయడం మేలు. డాక్టరు బ్యాంకు ఖాతా నుంచి స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్‌గానీ, నాచ్ మాండేట్ (ఖాతా నుంచి నెలనెలా డబ్బు తీసుకోవడానికి ఇచ్చే అనుమతి)గానీ పెట్టించండి. ఫారం నింపడం, సంతకం తీసుకోవడం, బ్యాంకుకు ఇవ్వడం మీ గుమాస్తా చేయాలి. డాక్టరు చేత పదే పదే ఓటీపీలు కొట్టించకూడదు.

ఆసుపత్రి ఇచ్చే జీతంలోంచో, కన్సల్టెంట్ పేమెంట్‌లోంచో కోసుకునే పద్ధతి కూడా ఉంది. సులువే, కానీ రాతపూర్వక సమ్మతి ఉండాలి, ఎప్పుడు వద్దంటే అప్పుడు కారణం అడక్కుండా ఆపాలి. మరో చిక్కు ఉంది. ఓపీ ఫీజును డాక్టరుకు చేరకుండా నేరుగా ట్రస్టుకు మళ్ళిస్తే లెక్కలు తికమక అవుతాయి. ఫీజు ముందు డాక్టరు ఆదాయంగా, టీడీఎస్ పోను ఆయన ఖాతాలో పడి, అక్కడి నుంచి ట్రస్టుకు రావడమే శుభ్రమైన దారి. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లయితే రసీదు ఎవరి పాన్ మీద కావాలో ముందే అడగండి. మార్చిలో మార్చమంటే కుదరదు.

నెలవారీ విరాళం కాకుండా, కాస్త వయసు మళ్ళిన డాక్టర్లకు బాగా నచ్చేది శాశ్వత నిధి. గుళ్ళలో శాశ్వత అన్నదానానికి కొంత మొత్తం కట్టి, దాని వడ్డీతో ఏటా నాన్నగారి సాంవత్సరికం రోజునో, మనవడి పుట్టినరోజునో భోజనాలు పెట్టించడం మనకు అలవాటే. అదే పద్ధతి ట్రస్టులో పెట్టండి. అసలు కదపకుండా, వచ్చే వడ్డీతో ఏటా ఆ తేదీన ఎవరికో ఒకరికి సాయం అందుతుంది, అందాక ఆ కుటుంబానికి ఉత్తరం వెళ్తుంది. ఇది కార్పస్ విరాళం కిందికి వస్తుంది కాబట్టి 'ఈ మొత్తం కార్పస్‌కే' అని దాత రాసిన ఉత్తరం ఫైల్లో తప్పనిసరిగా ఉండాలి, డబ్బు చట్టం ఒప్పుకున్న డిపాజిట్లలోనే ఉండాలి. పేరు పెట్టే విషయంలో నా సలహా: గదులకు, వార్డులకు తొందరపడి పేర్లు పెట్టకండి. నిధికి అమ్మానాన్నల పేరు పెట్టుకోమనండి.

విదేశాల్లో ఉన్న బ్యాచ్‌మేట్లను కూడా కలుపుదామని మీ డాక్టర్లే అంటారు. మంచిదే. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సొమ్ము బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ళ డబ్బు విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. అది లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోవద్దు.

పన్ను సంగతి దాచకుండా చెప్పండి

ట్రస్టుకు 80జీ ఆమోదం (దాతలకు పన్ను మినహాయింపు వచ్చేలా ఆదాయపు పన్ను శాఖ ఇచ్చేది) ఉందా, గడువు ఎప్పుడు తీరుతుంది అన్నది మొదటి రోజే చూసుకోండి. ఉంటే, ఇచ్చిన దాంట్లో సగం పన్ను వేసే ఆదాయంలోంచి తగ్గుతుంది, దానికి మొత్తం ఆదాయంలో పదిశాతం అన్న పరిమితి ఉంటుంది. ముప్పై శాతం శ్లాబులో ఉన్న డాక్టరు లక్ష ఇస్తే యాభై వేలు తగ్గి, సెస్సుతో కలిపి 15,600 రూపాయల పన్ను మిగులుతుంది. ఇదంతా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. కొత్త విధానంలో 80జీ మినహాయింపు లేదు, ఇప్పుడు చాలామంది అందులోనే ఉన్నారు. ఈ సంగతి మీరే ముందు చెప్పండి. మార్చిలో వాళ్ళ ఆడిటరు చెబితే మిమ్మల్ని నమ్మరు.

నగదుగా 2,000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు. వదులుకున్న ఫీజుకు, ఇచ్చిన మందులకు, పరికరాలకు రాదు. ట్రస్టు ఏటా మే 31లోగా దాతల వివరాలు పాన్ నంబర్లతో 10బీడీ ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు పంపి, 10బీఈ సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి దాతకు ఇవ్వాలి. మీ ఉత్త రసీదు చాలదు. ఇక్కడ ఆలస్యం చేసే ట్రస్టులు చాలా ఉన్నాయి, డాక్టర్లు మానేయడానికి ఇదొక పెద్ద కారణం. ఈ సెక్షన్లు, ఫారాల నంబర్లు 1961 చట్టంలోవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి, కరపత్రంలో అచ్చువేసే ముందు ఏ నంబరు రాయాలో ఆడిటర్‌ను అడగండి.

'నా పేరు ఎక్కడా వద్దు' అనే డాక్టర్లు ఉంటారు. బోర్డు మీద, పత్రికలో పేరు వేయకుండా ఉండొచ్చు. పుస్తకాల్లో పేరు, చిరునామా రాయకుండా ఉండటానికి వీల్లేదు. అనామక విరాళాలు పరిమితి దాటితే ట్రస్టు మీద 30 శాతం పన్ను పడుతుంది. ఇంకో విషయం పెద్ద దాతల గురించి. ట్రస్టే ఆసుపత్రిని నడుపుతూ డాక్టర్లకు జీతాలు ఇస్తున్నచోట, ఒక డాక్టరు ఏడాదిలో లక్ష దాటిగానీ, మొత్తంగా పది లక్షలు దాటిగానీ ఇస్తే చట్టం దృష్టిలో ఆయన ట్రస్టుకు సంబంధించిన వ్యక్తి అవుతాడు. అప్పటి నుంచి ఆయనకిచ్చే జీతం, ఫీజు, అద్దె సమంజసమైనవేనని ట్రస్టు చూపించగలగాలి. అందుకని పెద్ద విరాళం వద్దనకండి. కాంట్రాక్టు కాగితాలు, రేట్ల పోలికలు సిద్ధంగా పెట్టుకోండి.

ఇచ్చాక ఏం జరిగిందో చెప్పండి

విరాళం చేరిన రెండు రోజుల్లో రసీదు, దానితో పాటు ట్రస్టు అధ్యక్షుడి సంతకంతో రెండు వాక్యాల ఉత్తరం వెళ్ళాలి. ఆ తర్వాత మూడు నెలలకోసారి ఒకే ఒక్క పేజీ. ఎంత వచ్చింది, ఎంతమందికి ఏ ఖర్చుకు వెళ్ళింది, ఎంత మిగిలింది, ఎన్ని కేసులు కాదన్నాం, ఎందుకు కాదన్నాం. ఈ చివరిది తప్పకుండా రాయండి. కాదన్న కేసుల గురించి దాపరికం లేని ట్రస్టును డాక్టర్లు నమ్ముతారు. ఎవరి బంధువులకో సాయం వెళ్తోందన్న గుసగుసలకు కూడా అదే మందు.

రోగి ఫొటోలు వద్దు. చెక్కు పట్టుకుని మంచం పక్కన నిలబడే ఫొటోలు అసలే వద్దు. పేరు, ఊరు లేకుండా 'యాభై రెండేళ్ళ వ్యవసాయ కూలీ, తుంటి ఎముక విరిగింది, ఇంప్లాంట్‌కు నిధి నుంచి సాయం, ఆరు వారాలకు నడుస్తున్నాడు' అంటే డాక్టరుకు కావలసినదంతా అందులో ఉంది. రోగి ఎలా ఉన్నాడన్న ఫాలోఅప్ కబురు ఆయనకు పేరు చెక్కిన ఫలకం కంటే ఎక్కువ తృప్తినిస్తుంది. అందుకే సోషల్ వర్కర్ చేత ప్రతి కేసుకూ మూడో నెలలో ఒక ఫోన్ చేయించండి.

జూలై 1 డాక్టర్స్ డేని విరాళాలు అడగడానికి వాడుకోకండి. ఆ రోజు వాళ్ళ గౌరవార్థం జరిగేది. అప్పుడు ఏడాది లెక్కలు చదివి, వీలైతే నిధి వల్ల కోలుకుని, రావడానికి మనస్ఫూర్తిగా ఒప్పుకున్న ఒక మనిషిని పిలిచి, అందరితో కలిసి భోజనం పెట్టండి. కొత్తవాళ్ళను అడగడం ఆగస్టులో మొదలుపెట్టవచ్చు.

ఎవరైనా మానేస్తే ఫారం వెంటనే రద్దు చేయించి, ఇన్నాళ్ళూ ఇచ్చినందుకు ధన్యవాదాలు చెప్పండి. కారణం అడగొద్దు. ఆసుపత్రి మారి వెళ్ళిపోయే డాక్టరుకు ఆయన ఇచ్చిన మొత్తం, అది దేనికి ఖర్చయిందో రాసి చివరి రోజున చేతికివ్వండి. కొత్త ఊళ్ళో చేరాక కూడా పాత నిధికి నెలనెలా వేస్తూ ఉండేవాళ్ళు ఉంటారు. ఆ మాండేట్ రద్దవకుండా ఏ ఖాతా నుంచి కొనసాగించాలో ఆ రోజే అడిగి రాసుకోండి.